మార్జిన్లో రెండు వరుసలు

పుస్తకం అన్నాక మూడు పక్కలా కోత పడాల్సిందేనన్నది రాయుడి సిద్ధాంతం. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆయన ఒక పెద్ద ఆఫీసు రికార్డు గదిలో బైండరు. రిజిస్టరును ఎంత గట్టిగా కుట్టినా, అట్ట ఎంత శుభ్రంగా వేసినా, చివర్లో కటింగ్ మిషను కింద పెట్టి, పైనా కిందా ముందూ అంచులు కోసిపారేసి, ఆ కోసిన చోట అరచేత్తో ఒకసారి నిమిరితే గానీ ఆయనకు పని పూర్తయినట్టు ఉండేది కాదు. నోరు కూడా ఆ మిషనుకు తీసిపోయేది కాదు. ఊళ్ళో బైండర్లందరూ అతుకులగాళ్ళనీ, తానొక్కడే పనిమంతుడనీ టీ తాగిన ప్రతిసారీ చెప్పేవాడు. రెండు విధాలా నప్పుతుందని ఎవరో కోతలరాయుడని పేరు పెట్టారు. పోనుపోను కోతలు రాలిపోయి రాయుడు మిగిలింది. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినబడదు.

ఆఫీసు రిజిస్టర్లలో మార్జిన్లంటే ఆయనకు ఒళ్ళుమంట. గుమాస్తాలు పెన్ను రాస్తోందో లేదో అక్కడే చూసుకుంటారు, ఫోను నంబర్లు అక్కడే గిలుకుతారు, పై అధికారి మీద కోపం వస్తే ఆయన బొమ్మ గీసి మీసాలు పెట్టేదీ అక్కడే. “పనికొచ్చే మాటైతే గడిలోనే రాసుండేవాళ్ళుగా? మార్జిన్లో ఉందంటే చెత్తే,” అనేవాడు రాయుడు. ఎవరూ కాదనలేదు, ఎందుకంటే ఆ చెత్త వాళ్ళదే.

ఇలా ఉండగా ఆఫీసుకు ఒక సేవాసంస్థ నుంచి ఉత్తరం వచ్చింది. వేరే దేశంలో ఒక నది పొంగి, ప్రసూతి ఆసుపత్రిలోని పాత రిజిస్టర్లన్నీ తడిసిపోయాయట. వాటిని బాగుచేయడానికి ఆరు వారాలు స్వచ్ఛందంగా వచ్చి పనిచేసే బైండరు కావాలట. ఉత్తరం నోటీసు బోర్డుకెక్కిన గంటలో రాయుడి దరఖాస్తు సూపరింటెండెంటు బల్ల మీద ఉంది. పోటీకి ఇంకెవరూ లేరు. ఆ సంగతి మాత్రం ఇంట్లో చెప్పలేదు.

“మీకు ఇంగ్లీషు వచ్చీరానిది, వాళ్ళ భాష అసలే రాదు. అక్కడికెళ్ళి ఎవరితో మాట్లాడతారు?” అంది భార్య. ఆవిడ టైలరు. ముందు గదిలో కుట్టుమిషను దగ్గర కూర్చుని, నోట్లో గుండుసూదులు పెట్టుకునే మాట్లాడగలదు.

“పుస్తకాలతో మాట్లాడతా. పుస్తకాలకు భాషేమిటే?”

“అయితే ఆరు వారాలు మాకు చెవులు ఖాళీ.”

ఆవిడ ఎగతాళి చేసిందే గానీ, రెండు స్వెట్టర్లు కొని, వాటి మోచేతుల దగ్గర లోపలివైపు గుడ్డ వేసి కుట్టింది. కూతురు దరఖాస్తులు నింపింది, పాస్‌పోర్టుకు తిప్పింది, రోగాలు రాకుండా సూది మందులు వేయించింది. సూది చూస్తే చిన్నప్పటి నుంచీ భయమైన రాయుడు అక్కడ కూడా నర్సుతో, “సేవకెళ్తున్నానమ్మా, కాస్త మెల్లగా పొడువు,” అన్నాడు. సేవ అన్న మాట ఆ నెలలో ఆయన నోట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కే లేదు. కూరగాయల బండి ఆపి మరీ చెప్పాడు. ఇంటి దగ్గర మెట్ల మీద ఎదురుపడితే జనం తప్పుకుని తిరిగే దాకా వచ్చింది వ్యవహారం.

బయలుదేరే ముందు రెండు రోజుల శిక్షణ పెట్టారు. పాత పత్రాలు కాపాడే పనిలో జుట్టు నెరిసిన ఒక మేడం వచ్చి పాఠం చెప్పింది. పక్క కుర్చీలో ఏదో ఇంకో దేశానికి వెళ్ళబోతున్న ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. మేడం రెండు రోజుల్లో ఒకే మాట పదిసార్లు చెప్పింది.

“కాగితం మీద ఏమున్నా సరే, తీసెయ్యకండి. మరకైనా, గీతైనా, చిరుగైనా. ముందు అడగండి. అది మీకు చెత్తలా కనబడొచ్చు, వాళ్ళకేమిటో మీకు తెలీదు.”

రాయుడు ఎలక్ట్రీషియన్ వైపు ఒరిగి, “ఇలాగైతే చెదపురుగుల్ని కూడా అడిగే దులపాలి కాబోలు,” అన్నాడు. వెనక వరుసంతా కిసుక్కుమంది.

“ఏమన్నారు?” అంది మేడం.

“ఏం లేదు మేడం. రాసుకుంటున్నా.”

ఆయన నోటు పుస్తకంలో ఆ రోజు తారీఖు, దాని కింద చెదపురుగు బొమ్మ ఉన్నాయి. ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవం ఉన్న మనిషికి పని నేర్పడానికి ఈవిడెవరని ఆయన లోపల్లోపల గునుస్తూ ఉన్నాడు. ఆ ఒక్క మాట చెవిన పెట్టుంటే ఇప్పుడు ఇంత చెప్పుకోవాల్సిన పని ఉండేది కాదు.

ఆసుపత్రి నది ఒడ్డునే ఉంది. కింది అంతస్తు గోడల మీద మనిషి ఎత్తున బురద గీత ఇంకా చెరగలేదు. పై హాల్లో మంచాలు తీసేసి, తాళ్ళు కట్టి, రిజిస్టర్ల కాగితాలను ఆరేశారు. రాయుడికి లాండ్రీ గది పైన ఒక చిన్న గది ఇచ్చారు. ఇనుప మంచం, ఒక కుర్చీ, కిటికీ తెరిస్తే కింద నుంచి సబ్బు వాసనతో ఆవిరి. తిండి చప్పగా ఉన్నా, సేవకొచ్చినవాడు ఉప్పడిగితే బాగుండదని ఊరుకున్నాడు.

రికార్డులు చూసేది ఒక పెద్ద నర్సు. పదవీ విరమణ చేసి పదేళ్ళయినా రోజూ తెల్లకోటు తొడుక్కుని వస్తుంది. ఆవిడకు వాళ్ళ భాష తప్ప మరొకటి రాదు. మధ్యలో దుబాసీగా, ఆ ఊరి టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఆపరేటరుగా చేసి మానేసిన ఒకావిడను పిలిపించారు. పాత అలవాటు పోక, ఏ మాట చెప్పాలన్నా ముందు “హలో” అనేది. రాయుడు ఆవిడకు హలో అక్కయ్య అని పేరు పెట్టాడు. అక్కయ్య అంటే ఏమిటో అడిగి తెలుసుకుని, అలాగే పిలవమంది. ఇద్దరిదీ వచ్చీరాని ఇంగ్లీషే కావడంతో బాగా కుదిరింది.

మొదటి రోజు పెద్ద నర్సు రాయుడి చేయి పట్టుకుని ఒక రిజిస్టరు మీద ఆనించి చాలాసేపు మాట్లాడింది.

“హలో. ఈ కాగితాల మీద ఉన్నదంతా కావాలంటున్నారు. ఏదీ పోకూడదంటున్నారు.”

రాయుడు గుండెల మీద చేయి వేసుకుని తలూపాడు. పెద్ద నర్సు ఒక కాగితం తీసి, వేలితో చూపిస్తూ ఇంకా ఏదో చెప్పబోయింది. రాయుడి చూపు అప్పటికే గది మూలకు పోయింది. అక్కడ గోనెపట్టాల కింద ఏదో ఇనుప చక్రం కనబడుతోంది. ఒకప్పుడు ఆ ఆసుపత్రి ఫారాలు అక్కడే అచ్చు వేసుకునేవారట. ఆ కాలం నాటి కటింగ్ మిషను! ఆవిడ మాట పూర్తికాకముందే రాయుడు వెళ్ళి పట్టాలు లాగేశాడు.

తర్వాత మూడు రోజులు రిజిస్టర్లు తాళ్ళ మీదే వేలాడాయి. రాయుడు మిషను విప్పి, కిరసనాయిలుతో తుప్పు కడిగి, నూనె పట్టించి, బ్లేడు సాన పట్టాడు. బాయిలరు చూసుకునే లావుపాటి మనిషి సాయానికి వచ్చాడు. ఇద్దరికీ ఒక్క మాట కలవకపోయినా సైగలతో స్నేహం కుదిరింది. చక్రం తిప్పగానే బ్లేడు దిగి, చిత్తుకాగితాల కట్టను ఒక్క వేటున కోసింది. బాయిలరు మనిషి చప్పట్లు కొట్టాడు. పరాయి దేశంలో తన మిషను తనకు దొరికినట్టయి రాయుడికి కళ్ళు చెమర్చాయి.

పని మాత్రం ప్రాణం పెట్టి చేశాడు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. బురదను కుంచెతో దులిపాడు, చిరిగిన చోట పల్చని కాగితం అతికాడు, విడిపోయిన కాగితాలను ఒక్కటొక్కటిగా కుట్టాడు. అట్టలు వేశాడు. ఆ తర్వాత కోశాడు. నీళ్ళకు అంచులు ముడతలు పడి, పసుపెక్కి అసహ్యంగా ఉన్నాయి కాబట్టి మామూలు కంటే ఎక్కువే, బొటనవేలంత వెడల్పున కోశాడు. కొన్ని కాగితాల మార్జిన్లలో పెన్సిలు రాతలున్నాయి. ఒక చోట ఒక వరుస, ఒక చోట రెండు. ఇక్కడి గుమాస్తాలూ మనవాళ్ళ బాపతేనని నవ్వుకున్నాడు.

ఒక కాగితం మాత్రం ఆయనకు బాగా గుర్తు. అంచు నుంచి మధ్య దాకా ఏటవాలుగా చిరిగిపోతే, సగం రోజు కూర్చుని అతికాడు. ఆ చిరుగు దగ్గరున్న గడి పక్కన, మార్జిన్లో, పెన్సిలుతో రెండు వరుసలు. మొదటిది పొడుగు, రెండోది పొట్టి. ఎంత ఒత్తి రాశారంటే, వెనకవైపు వేలితో తడిమితే ఉబ్బుగా తగిలింది. పెన్సిలు మీద ఎవరికో ఇంత కోపమేమిటా అనుకున్నాడు. మర్నాడు అదీ బ్లేడు కిందికి వెళ్ళింది.

రెండు వారాలు తిరిగేసరికి మూడు రిజిస్టర్లు తయారయ్యాయి. కోసిన ముక్కలు రెండు గోనెసంచుల్లో బల్ల కింద ఉన్నాయి. పెద్ద నర్సు ఆ మూడు పుస్తకాలనూ పసిపిల్లలను తీసుకున్నట్టు రెండు చేతులతో తీసుకుని, తెరవకుండానే అట్టల మీద ముద్దు పెట్టుకుంది. అందరినీ పిలిచి ఫోటో తీయించింది. రాయుడు ఆ ఫోటో ఇంటికి పంపాడు. “మీ పొట్ట లోపలికి పెట్టుకోవాల్సింది,” అని జవాబిచ్చింది భార్య.

ఆ బుధవారం పొద్దున్న ఒకావిడ వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. సిటీ బస్సు డ్రైవరట, యూనిఫాం కోటుతోనే వచ్చింది. వరద వచ్చాక ఈ ఆసుపత్రి జాడ దొరికి, అప్పటి నుంచీ తిరుగుతోందట. రిజిస్టర్లు ఆరాక రమ్మన్నారు, ఆరాయి, వచ్చింది. పెద్ద నర్సు గర్వంగా కొత్త పుస్తకం తెచ్చి ఆమె ముందు పెట్టి, పుట్టిన తారీఖు అడిగి, పేజీ తీసింది. గడుల వెంట వేలు పెట్టి కిందికి వచ్చి, ఒక చోట ఆగి, పక్కకు జరిపింది. వేలు కాగితం దాటి బల్ల మీదికి జారింది.

ఆవిడ ఇంకో పేజీ తిప్పింది. మరొకటి. రెండో పుస్తకం తెచ్చింది, మూడోది తెచ్చింది. తర్వాత రాయుడి వైపు తిరిగింది.

“హలో. మార్జిన్లు ఏమయ్యాయని అడుగుతున్నారు.”

“మార్జిన్లా? ఎందుకక్కయ్యా?”

హలో అక్కయ్య చెప్పింది. ఆ రోజుల్లో పెళ్ళి కాకుండా తల్లులైన ఆడపిల్లలు ఇక్కడికి వచ్చి కని, బిడ్డను వదిలి వెళ్ళేవారట. అలాంటి తల్లి పేరు రిజిస్టరులో రాయకూడదని నియమం. పేరుండాల్సిన గడిలో ఒక గీత గీసేవారు. కానీ వెళ్ళబోయే ముందు ఏ తల్లైనా, ఎప్పటికైనా నా బిడ్డ వెతుక్కుంటూ వస్తే చెప్పండి అని వేడుకుంటే, అప్పట్లో చిన్న నర్సుగా ఉన్న ఈ పెద్ద నర్సు, సిరాతో రాస్తే పట్టుబడుతుందని, మార్జిన్లో పెన్సిలుతో రాసేదట. వద్దన్న తల్లుల పక్కన ఏమీ రాసేది కాదు.

“అక్కడ రాసి ఉంటే, కనబడాలనుకున్న తల్లి. ఖాళీగా ఉంటే, వద్దనుకున్న తల్లి. అంతే తేడా. ఇంకెక్కడా ఆ సంగతి లేదు,” అంది హలో అక్కయ్య.

రాయుడు పేజీ వైపు చూశాడు. అంచు నుంచి మధ్య దాకా తాను అతికిన పల్చని కాగితం. అదే చిరుగు, అదే గడి. డ్రైవరమ్మ ఆయన ముఖంలోకే చూస్తోంది. ఆ పక్కన రెండు వరుసలు ఉండేవని తెలిసిన మనిషి ఈ లోకంలో తానొక్కడే.

“కుళ్ళిపోయాయి,” అన్నాడు. “నీళ్ళు తినేశాయి. నిలవలేదు.”

ఆరు వారాల్లో ఆయన తడబడకుండా మాట్లాడిన ఇంగ్లీషు ఆ మూడు మాటలే.

డ్రైవరమ్మ పెద్ద నర్సును ఏదో అడిగింది. మా అమ్మ రాయమందో లేదో మీకేమైనా గుర్తుందా అనట. పెద్ద నర్సు చాలాసేపు కళ్ళు మూసుకుని, ఏడాదికి నాలుగైదు వందల కాన్పులమ్మా, అబద్ధం చెప్పలేను, గుర్తు లేదు అంది. అబద్ధం అన్న మాటను హలో అక్కయ్య అనువదించినప్పుడు రాయుడు నేలచూపులు చూశాడు. డ్రైవరమ్మ లేచి, వచ్చి, పేజీ అయినా దక్కించినందుకు ఆయనకు కృతజ్ఞత చెప్పి చేయి కలిపింది. స్టీరింగు పట్టి పట్టి కాయలు కాసిన చేయి. ఆ చేతిలో ఆయన చేయి చచ్చిన చేపలా ఉండిపోయింది.

ఆమె వెళ్ళాక రాయుడు తన పని గదికి వచ్చి గోనెసంచి మూతి విప్పాడు. ముక్కలన్నీ కలగలిసిపోయి ఉన్నాయి. అయినా ఆయన బైండరు. ప్రతి ముక్క మీదా నీటి మరక ఉంది. ప్రతి పేజీ మీదా దానికి సరిపోయే మరక ఉంది. మరకను మరకకు ఆనించి చూస్తూ పోతే ఏ ముక్క ఏ పేజీదో తేలుతుంది. ఒక నెల పని. ఇద్దరు కూర్చుంటే రెండు వారాలు. ఆ సంగతి ఆయనకు ఆ క్షణంలోనే తెలుసు. కానీ కూర్చోవాలంటే, ఎందుకు కూర్చున్నావో చెప్పాలి. సంచి మూతి మళ్ళీ కట్టేశాడు.

గురువారం పొద్దున్న ధైర్యం కూడగట్టుకుని పెద్ద నర్సు గది దాకా వెళ్ళాడు. లోపల ఆవిడ కొత్తగా చేరిన నర్సులకు ఆ మూడు పుస్తకాలు చూపిస్తోంది. గుమ్మంలో ఆయనను చూసి, లోపలికి లాక్కుపోయి, తన కుర్చీలో కూర్చోబెట్టి, తన కప్పులోనే టీ పోసి ఇచ్చింది.

“హలో. అంత దూరం నుంచి జీతం లేకుండా వచ్చి చేస్తున్నాడు, ఇలాంటి చేతులు మనకు దొరకవు అని చెబుతున్నారు.”

రాయుడు టీ తాగాడు. వేడికి నాలుక కాలింది. చెప్పాలనుకున్న మాట గొంతు దాకా వచ్చి, ఆ టీతో పాటే లోపలికి పోయింది. ఇంత మర్యాద చేసేటప్పుడు ఎలా చెప్పడమని తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. మర్యాద చేయకపోతే చెప్పేవాడేమోనని మనమూ అనుకుందాం, పోయేదేముంది.

శుక్రవారం, బాయిలరు మనిషి నెలకోసారి చెత్త పోగుచేసుకుని బాయిలర్లో వేయడానికి తీసుకుపోయే రోజు. పదకొండింటికి తోపుడుబండితో వచ్చాడు. బల్ల కిందున్న రెండు సంచులూ చూసి, తీసుకుపోనా అన్నట్టు కనుబొమలెగరేశాడు. రాయుడి చేతిలో సూది, దారం ఉన్నాయి. వద్దనడానికి ఒక్క మాట కూడా అక్కర్లేదు, చేయి అడ్డం పెడితే చాలు. రాయుడు తలూపాడు. బాయిలరు మనిషి సంచులను బండి మీద వేసుకుని, ఏదో కూనిరాగం తీస్తూ వెళ్ళిపోయాడు. బండి చక్రం కిరకిర వరండా చివరి దాకా వినబడింది. ఆ చప్పుడు ఆగేదాకా కూడా పరిగెత్తి ఆపొచ్చు. రాయుడు సూదిలో దారం ఎక్కించే పనిలో ఉన్నట్టు తల వంచుకునే ఉన్నాడు.

మార్జిన్లు కోయడం తెలియక చేసిన తప్పు. తెలియక అన్నది కూడా పూర్తిగా నిజం కాదు, రెండుసార్లు చెప్పించుకుని చేశాడు. ఇది మాత్రం తెలిసి తెలిసి చేసింది. సంచులు కాలిపోతే బయటపడేదేమీ ఉండదని, ఆ తలూపిన క్షణంలో ఆయనకు కాస్త ఊరట కలిగింది. తర్వాత రోజుల్లో ఆయనను ఎక్కువగా తినేసింది ఆ ఊరటే.

మిగిలిన రోజుల్లో ఇంకో ఐదు రిజిస్టర్లు చేశాడు. మిషను మీద మళ్ళీ గోనెపట్టా కప్పేశాడు. ఒక్క అంచు కూడా కోయలేదు. అంచులు ఎగుడుదిగుడుగా, ముడతలు ముడతలుగా ఉండిపోయాయి, పెన్సిలు రాతలన్నీ భద్రంగా ఉన్నాయి. పెద్ద నర్సు వాటిని చూసి నవ్వింది.

“హలో. మొదటివి అంత అందంగా చేశావు, వీటికేమొచ్చిందని అడుగుతున్నారు. ఇంటి మీద బెంగ పెట్టుకున్నావా అంటున్నారు.”

“అవునక్కయ్యా, బెంగే,” అన్నాడు రాయుడు.

ఇంటికి వచ్చాక ఆఫీసులో సభ పెట్టారు. సూపరింటెండెంటు ఆయనను దేశం పేరు నిలబెట్టినవాడన్నాడు. ఆసుపత్రిలో అందరితో దిగిన ఫోటో స్థానిక పత్రికలో వచ్చింది. జనం ఎన్నో అడిగారు, ఆయన దేనికీ రెండు ముక్కల కంటే ఎక్కువ చెప్పలేదు. విమానమెక్కాక మనిషి మారిపోయాడని, గొప్పతనం వచ్చి మాటలు తగ్గించాడని కొందరు చెవులు కొరుక్కున్నారు. ఆఫీసులో రిజిస్టర్లు కోతకు వస్తే, ప్రతి మార్జినూ చదివి, ఆ గుమాస్తాను పిలిపించి అడిగేవాడు. “ఇది నీ ఫోను నంబరేనా? కోసెయ్యనా?” గుమాస్తాలు తల పట్టుకున్నారు.

నాలుగు నెలలు గడిచాక శిక్షణ మేడం నుంచి కబురు వచ్చింది. కొత్త బృందం వెళ్తోంది, మీ అనుభవం చెప్పడానికి రమ్మని. ఆ రోజు మధ్యాహ్నం రాయుడు ముందు గదిలో, భార్య కుట్టుమిషను ఎదుట స్టూలు మీద కూర్చుని, మొత్తం చెప్పేశాడు. కోయడం, అబద్ధం ఆడడం, సంచులు. ఆవిడ మిషను ఆపింది. నోట్లో గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది.

“నేను గజం గుడ్డ కోయాలన్నా రెండుసార్లు అడుగుతాను. లోపల అంత గుడ్డ వదులుతాను, రేపు విప్పుకోవాల్సొస్తే ఉంటుందని. మీరు ఒకళ్ళ తల్లిని కోసిపారేసొచ్చారు.”

రాయుడు వంగి, కింద పడిన గుడ్డ ముక్కలు ఏరసాగాడు.

“ఇప్పుడేం చేద్దామని?”

“ఆ శిక్షణలో అందరి ముందూ చెప్పేస్తానే. నాలా ఇంకొకళ్ళు చేయకుండా ఉంటారు.”

“అక్కడ చెప్తే చప్పట్లు కొడతారు. ఎంత నిజాయితీపరుడో అంటారు. మీకది బాగానే ఉంటుంది. చెప్పాల్సింది వాళ్ళకి కాదు.”

తిట్టినా ఇంత గట్టిగా తగిలేది కాదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ ముందు ఆయన తలెత్తలేకపోవడం అదే మొదటిసారి. ఆవిడే ఫోను తెచ్చి చేతిలో పెట్టింది.

హలో అక్కయ్య ఆయన గొంతు వినగానే సంబరపడింది. పెద్ద నర్సు కూడా పక్కనే ఉందట, మళ్ళీ ఎప్పుడొస్తావని అడుగుతోందట. రాయుడు చెప్పడం మొదలుపెట్టాడు. సగంలో ఆవిడ అనువదించడం ఆపేసింది. చివరిదాకా విని, పెద్ద నర్సుకు మెల్లగా చెప్పింది. అటువైపు కుర్చీ జరిగిన చప్పుడయింది. పెద్ద నర్సు ఒక్క మాట అంది.

“నాకు చెప్పకు అంటున్నారు. ఆ అమ్మాయికి చెప్పు అంటున్నారు. రేపు ఈ వేళకు పిలిపిస్తాం, ఫోను చెయ్యి.”

ఈసారి హలో లేదు.

ఆ రోజంతా రాయుడు, ఫోను కలవకపోతే బాగుండునని ఒకసారి, కలవకపోతే ఈ జన్మకు చెప్పలేనని ఒకసారి అనుకున్నాడు. మర్నాడు అదే వేళకు, అదే స్టూలు మీద కూర్చున్నాడు. ఫోను స్పీకరులో పెట్టి కుట్టుమిషను బల్ల మీద ఉంచింది భార్య. కాగితం మీద రాసుకున్నాడు గానీ, అది చూడాల్సిన అవసరం రాలేదు.

“మీ పేజీ చిరిగి ఉంటే అతికింది నేనే,” అన్నాడు. “మీ గడి పక్కన పెన్సిలుతో రాసి ఉంది. నా కళ్ళతో చూశాను. కుళ్ళిపోలేదు, నీళ్ళు తినలేదు. నేనే కోశాను. మీరడిగినప్పుడు ముక్కలు బల్ల కిందే ఉన్నాయి. రెండు రోజులున్నాయి. భయపడి చెప్పలేదు. బాయిలర్లోకి పోతుంటే ఆపలేదు.”

హలో అక్కయ్య ఒక్కొక్క వాక్యమే ఆమెకు చెప్పింది. రాయుడు తిట్ల కోసం ఎదురుచూశాడు. ఎన్ని తిట్టినా పడదామని, అప్పుడైనా బరువు దిగుతుందని ఆశపడ్డాడు.

ఆమె తిట్టలేదు. ఏదో అడిగింది.

“రాసి ఉందా, నిజంగా ఉందా అంటోంది. నువ్వు బాధపడి ఇప్పుడు కల్పించి చెప్పడం లేదు కదా అంటోంది.”

ఆ ప్రశ్న అడిగే హక్కు ఆమెకు తానే ఇచ్చాడు. రాయుడు సిగ్గుతో చితికిపోయాడు.

“ఉందక్కయ్యా. రెండు వరుసలు. మొదటిది పొడుగు, రెండోది పొట్టి. బాగా ఒత్తి రాశారు. వెనకవైపు నా వేలికి తగిలింది.”

అటువైపు ఈసారి పెద్ద నర్సు గొంతు వినబడింది.

“మామూలుగా ఒక్క వరుసే రాసేదాన్ని, పేరు మాత్రమే, అంటున్నారు. రెండో వరుస ఉందంటే అది ఊరు. తల్లి పక్కనే నిలబడి, ఊరు కూడా రాయి, చెరిగిపోకుండా రాయి అని పట్టుబడితేనే రాసేదాన్ని అంటున్నారు.”

డ్రైవరమ్మ ఏడుస్తోందని రాయుడి భార్యకు ముందు అర్థమైంది. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు మధ్యలోనే డ్రైవరమ్మ గబగబా ఏదో అడిగింది.

“ఊరి పేరు ఏమిటని అడుగుతోంది. చదవడం రాకపోయినా ఫరవాలేదట. అక్షరాలు ఎలా ఉన్నాయో గీసి పంపమంటోంది. ఒక్క అక్షరమైనా చాలంటోంది.”

భార్య బట్టల మీద గీతలు పెట్టే పెన్సిలు తీసి, కాగితం వెనక్కి తిప్పి ఆయన ముందు పెట్టింది. రాయుడు పెన్సిలు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆ కాగితాన్ని సగం రోజు ఒళ్ళో పెట్టుకున్నాడు. చిరుగు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో ఇప్పటికీ గీయగలడు. వరుసల పొడుగు గుర్తుంది, వేలికి తగిలిన ఉబ్బు గుర్తుంది. అక్షరం మాత్రం ఒక్కటంటే ఒక్కటి కూడా చూడలేదు.

“గుర్తు లేదమ్మా,” అన్నాడు, ఇంగ్లీషు మరిచిపోయి, తన భాషలోనే.

అటువైపు ఎవరికీ అర్థం కాలేదు. డ్రైవరమ్మ మళ్ళీ అదే అడిగింది.